గాంధారి మోపిన అభియోగం

(జూలై 17న ఒంగోలులో న్యాయ విద్యార్థులు, న్యాయవాదులు, పట్టణ పౌరులు హాజరైన సభలో ఒక విశ్రాంత న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఈ సభను ఇవాళే పెట్టమని నిర్వాహకులను నేనే అడిగాను. ఆదివారం అయితే జనం ఎక్కువ వస్తారని వాళ్లన్నారు. తేదీ మారిస్తే నేను చెప్పదలచుకున్నదాంట్లో సగం పోతుందని బతిమాలాను.

1998 జూలై 17న రోమ్ నగరంలో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు ఏర్పాటుకు ఒప్పందం కుదిరింది. 120 దేశాలు అనుకూలంగా, 7 దేశాలు వ్యతిరేకంగా ఓటు వేశాయి. 21 దేశాలు తటస్థంగా ఉండిపోయాయి. ఆ 21లో మన దేశం ఒకటి. దాని సంగతి తర్వాత మాట్లాడతాను. ఆ ఒప్పందం గుర్తుగా జూలై 17ను ప్రపంచమంతటా అంతర్జాతీయ న్యాయ దినంగా జరుపుతారు.

మనకు ఈ తేదీ అంతకు 13 ఏళ్ల ముందు నుంచే తెలుసు. 1985 జూలై 17న కారంచేడు మాదిగపల్లె మీద దాడి జరిగింది. ఆరుగురిని చంపారు. ఆడవాళ్లపై అత్యాచారాలు చేశారు. ముందురోజు మంచినీళ్ల చెరువు దగ్గర పశువుల కుడితి బకెట్టు కడగవద్దని అడ్డుపడినందుకు మొదలైన తగాదా అది. ప్రాణాలతో మిగిలినవాళ్లు చీరాల చేరి శిబిరంలో తలదాచుకున్నారు. తిరిగి ఆ ఊరికి వెళ్లమని భీష్మించుకున్నారు. అప్పుడు కారంచేడు, చీరాల రెండూ మన ప్రకాశం జిల్లావే. 2022లో జిల్లాలను విభజించాక బాపట్లలో కలిశాయి. ఆ రోజుల్లో చీరాల శిబిరానికి వెళ్లిన వందలాది విద్యార్థుల్లో నేనూ ఒకణ్ణి. అక్కడ విన్నది ఇక్కడ చెప్పను. అది చెప్పుకునే హక్కు అనుభవించినవాళ్లది.

కారంచేడు యుద్ధ నేరం కాదు. ఈ మాట ముందే స్పష్టంగా అనాలి. న్యాయశాస్త్రం చదివేవాళ్లు పదాలను కలగాపులగం చేయకూడదు. యుద్ధ నేరం అనాలంటే సాయుధ పోరాటం ఉండాలి. జాతిహననం అనాలంటే ఒక జాతినో, మత సమూహాన్నో అంతం చేయాలన్న ఉద్దేశం రుజువు కావాలి. మానవాళిపై నేరం అనాలంటే పౌరుల మీద విస్తృతంగానో పథకం ప్రకారమో దాడి సాగి ఉండాలి. కారంచేడులో జరిగినదానికి అప్పటి మన చట్టంలో సరైన పేరే లేదు. హత్య ఉంది, దొమ్మీ ఉంది, ఇంట్లో చొరబడటం ఉంది. ఒక వాడ మొత్తాన్ని అణిచిపెట్టడానికి చేసిన దాడిని ఆ సెక్షన్లన్నీ ముక్కలు ముక్కలుగా కోసి చూశాయి. ఆ బాధితుల పోరాటం, ఆ తర్వాత దేశమంతా లేచిన దళిత ఉద్యమం వెనక ఉండి నెట్టగా 1989లో ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. నేరానికి పేరు దొరికింది.

పేరు కోసం ఇలాగే వెతుక్కున్న మనిషి ఒకాయన ఉన్నాడు. రఫేల్ లెమ్కిన్, పోలండ్ యూదుడు. 1921లో బెర్లిన్ వీధిలో ఒక ఆర్మేనియన్ యువకుడు తలాత్ పాషాను కాల్చి చంపాడు. ఆర్మేనియన్ల సామూహిక హత్యలకు బాధ్యుడైన ఒట్టోమన్ మంత్రి ఆ తలాత్. విద్యార్థిగా ఉన్న లెమ్కిన్ తన ఆచార్యుణ్ణి అడిగాడు, ఒక్కణ్ణి చంపితే నేరమైంది, లక్షల మందిని చంపించినవాడి మీద కేసు ఎందుకు లేదని. ఆచార్యుడు కోళ్ల ఉదాహరణ చెప్పాడట. రైతు తన కోళ్లను తాను కోసుకుంటే మధ్యలో నువ్వెవరు? అలాగే ఒక రాజ్యం తన ప్రజలను ఏం చేసుకున్నా బయటివాళ్లకు సంబంధం లేదన్నమాట. లెమ్కిన్ ఆ జవాబును జీవితాంతం మరచిపోలేదు. నాజీల చేతిలో తన బంధువులు 49 మందిని పోగొట్టుకున్నాడు. 1944లో జాతిహననానికి ఇంగ్లీషులో కొత్త మాట పుట్టించాడు. 1948 డిసెంబరు 9న ఐక్యరాజ్య సమితి ఆ నేరంపై ఒప్పందాన్ని ఆమోదించింది. మన దేశం 1959లో దాన్ని ధ్రువీకరించింది.

ప్రజలు రాజ్యం కోళ్లు కారు. నేను ఇవాళ మాట్లాడేదంతా ఈ ఒక్క మాట మీదే నిలబడి ఉంది.

ఇక మన నెల్లూరు తిక్కన దగ్గరకు వస్తాను. న్యాయం గురించి సభ పెడితే ఈ కవిత్వం ఎందుకని కుర్రవాళ్లు అనుకోవచ్చు, కాస్త ఓపిక పట్టండి. భారతంలో పదిహేను పర్వాలను పెన్న ఒడ్డున తెలుగు చేసిన ఆ మహానుభావుడికి యుద్ధం ఎక్కడో దూరాన ఉన్న సంగతి కాదు. మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉన్నాడు. ఆయన దాయాది ఖడ్గ తిక్కన, పుల్లరి తగాదా ముదిరి కాటమరాజుతో జరిగిన పోరులో ప్రాణం విడిచాడని మన పల్లెల్లో కథ చెబుతారు. ఇంటి మనిషి శవమై వస్తే ఎలా ఉంటుందో తెలిసిన కుటుంబం అది.

ఆ భారతంలో యుద్ధం మొదలయ్యే ముందు ఇరు పక్షాలు నియమాలు పెట్టుకుంటాయి. ఆయుధం లేనివాణ్ణి కొట్టకూడదు. వెన్ను చూపి పోయేవాణ్ణి కొట్టకూడదు. మరొకరితో పోరాడుతూ ఏమరి ఉన్నవాణ్ణి కొట్టకూడదు. సారథులను, ఆయుధాలు మోసేవాళ్లను, భేరీలు కొట్టేవాళ్లను, శంఖాలు ఊదేవాళ్లను చంపకూడదు. 1949 ఆగస్టు 12 నాటి జెనీవా ఒప్పందాల్లో నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్న 3వ అధికరణం తీసి చదవండి. ఆయుధం దించినవాడు, గాయపడినవాడు, జబ్బుపడినవాడు, పట్టుబడినవాడు, వీళ్లను మనుషులుగా చూడాలి, చంపకూడదు, చిత్రహింస పెట్టకూడదు అని ఉంటుంది. ప్రపంచంలోని దేశాలన్నీ ఒప్పుకున్న ఒప్పందాలివి. మన పార్లమెంటు 1960లో దీనికి ప్రత్యేకంగా చట్టం చేసింది. కాబట్టి యుద్ధానికి నియమాలుండటం ఐరోపావాళ్లు మనకు నేర్పిన విడ్డూరం అనుకోకండి.

అయితే నియమం ఉంటే చాలదు. కురుక్షేత్రంలో ఆ నియమాలను రెండు పక్షాలవాళ్లూ తప్పారు. భీష్ముడి పతనం దగ్గర తప్పారు, ద్రోణుడి దగ్గర తప్పారు, రథచక్రం ఎత్తుకుంటున్న కర్ణుడి దగ్గర తప్పారు. పసివాడైన అభిమన్యుణ్ణి చుట్టుముట్టి చంపినప్పుడు అవతలివాళ్లు తప్పారు. శిక్ష మాత్రం ఎవరికి పడింది? నిద్రపోతున్న ఉపపాండవుల గొంతులు కోసిన అశ్వత్థామకు. వాడి తల మీది మణి ఊడబెరికారు, వేల ఏళ్లు దిక్కులేకుండా తిరగమని శపించారు. వాడు చేసినది ఘోరమే, శిక్ష పడవలసిందే. కానీ వాడు ఓడిన పక్షంవాడు కూడా.

గెలిచిన పక్షాన్ని నిలబెట్టి అడిగినది ఒక్క గాంధారి. స్త్రీ పర్వంలో ఆమె శవాల మధ్య నడుస్తూ ఒక్కొక్కరినీ గుర్తుపట్టి ఏడుస్తుంది. చివర కృష్ణుణ్ణి పట్టుకుంటుంది. నువ్వు చంపావు అనదు, జాగ్రత్తగా గమనించండి. నీకు శక్తి ఉంది, పెద్ద సైన్యం ఉంది, నీ మాట వినే పరివారం ఉంది, ఈ వినాశనం జరుగుతుందని నీకు తెలుసు, తెలిసీ ఉపేక్షించావు అంటుంది. ఆమె వాడిన మాట ఉపేక్ష.

కోర్టులో నలభై ఏళ్లు గడిపినవాణ్ణి. ఇంత బిగువైన అభియోగ పత్రం నేను తక్కువగా చూశాను. అంతర్జాతీయ న్యాయంలో పై అధికారి బాధ్యత అనే సూత్రం ఉంది. రోమ్ ఒప్పందం 28వ అధికరణం. కింది సైనికులు నేరం చేస్తే సేనాపతిని ఎప్పుడు శిక్షించవచ్చు? వాళ్ల మీద అతడికి నిజమైన అదుపు ఉండాలి. నేరం జరుగుతోందని అతడికి తెలిసి ఉండాలి, లేదా ఆ పరిస్థితుల్లో తెలిసి తీరాలి. ఆపడానికి గాని, నేరస్తులను శిక్షకు అప్పగించడానికి గాని చేయదగిన పని చేయకపోయి ఉండాలి. అదుపు, ఎరుక, ఉపేక్ష. మూడూ గాంధారి నోట వచ్చినవే. జపాన్ సేనాని యమషిటాను మనీలాలో విచారించి 1946లో ఉరి తీసినది ఈ సూత్రం మీదే. అతడికి అప్పుడు తన సైన్యంపై నిజంగా అదుపు ఉందా అన్న ప్రశ్న ఇప్పటికీ న్యాయశాస్త్రజ్ఞులను వేధిస్తోంది. అందుకే తర్వాతి కోర్టులు రుజువు విషయంలో గట్టిగా ఉంటున్నాయి. కాంగో మాజీ ఉపాధ్యక్షుడు బెంబాకు ఈ సూత్రం కింద 2016లో పడిన శిక్షను 2018లో అప్పీలు న్యాయమూర్తులు కొట్టివేశారు. బాధితులు కుమిలిపోయారు. నాకూ ఆ తీర్పు మింగుడుపడలేదు. అయినా ముద్దాయిని వదలగలిగిన కోర్టునే కోర్టు అనాలి.

ఈ ఉపేక్ష మన చట్టంలోకీ వచ్చింది. అత్యాచారాల నిరోధక చట్టం 4వ సెక్షన్ తెరవండి. విధిని కావాలని నిర్లక్ష్యం చేసిన ప్రభుత్వ ఉద్యోగికి ఆరు నెలలకు తగ్గకుండా, ఏడాది దాకా జైలు. అక్కడ చేయి చేసుకున్నవాడి గురించి కాదు, చేతులు కట్టుకు కూర్చున్నవాడి గురించి రాశారు. ఆ సెక్షన్ కింద ఎంత అరుదుగా కేసులు పెడతారో ఇక్కడున్న న్యాయవాదులకు నేను చెప్పనక్కరలేదు.

కృష్ణుడు గాంధారికి ఇచ్చిన జవాబు కూడా వినాలి. తప్పంతా నీదే, దుర్యోధనుడి లాంటి కొడుకును నెత్తిన పెట్టుకున్నది నువ్వు కాదా అంటాడు. అందులో నిజం ఉంది. కానీ అది ఆమె అడిగినదానికి జవాబు కాదు. ఇవాళ ప్రపంచ రాజకీయాల్లో వినిపించేదంతా ఈ రకం జవాబే. మా సైన్యం సంగతి అడిగే ముందు మీ సైన్యం సంగతి చెప్పండి. 2023 మార్చిలో ఉక్రెయిన్ పిల్లల తరలింపుపై రష్యా అధ్యక్షుడు పుతిన్‌కు అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు అరెస్టు వారంటు జారీ చేస్తే చప్పట్లు కొట్టినవాళ్లలో కొందరు, 2024 నవంబరులో గాజా విషయంలో ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహుకు వారంటు రాగానే కోర్టునే తిట్టిపోశారు. మొదటిదాన్ని తిట్టినవాళ్లు రెండోదాన్ని మెచ్చుకున్నారు. అదే రోజు హమాస్ సేనానికి కూడా వారంటు ఇచ్చారన్న సంగతి ఇద్దరూ మరచిపోయారు. 2025లో అమెరికా ఏకంగా ఆ కోర్టు ప్రాసిక్యూటర్ మీద, న్యాయమూర్తుల మీద ఆంక్షలు విధించింది. తీర్పు నచ్చకపోతే న్యాయమూర్తి బ్యాంకు ఖాతా మూయించడం ఏ నాగరికత?

గెలిచినవాళ్ల న్యాయం అన్న ఆక్షేపణను అందరికంటే గట్టిగా చేసినది మన దేశస్థుడే. బెంగాల్ న్యాయమూర్తి రాధావినోద్ పాల్. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత టోక్యోలో జపాన్ నాయకులపై విచారణకు కూర్చున్న 11 మందిలో ఆయనొకడు. ముద్దాయిలందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టాలని 1948లో భిన్నాభిప్రాయం రాశాడు. జపాన్ సైన్యం అకృత్యాలకు సాక్ష్యం బలంగా ఉందని ఒప్పుకుంటూనే, గెలిచినవాళ్లు కొత్త నేరాలు సృష్టించి ఓడినవాళ్లకు వెనకటి తేదీతో అంటగట్టకూడదన్నాడు. అణుబాంబు వేయాలన్న నిర్ణయం సంగతేమిటని ఎత్తిచూపాడు. విద్యార్థిగా ఆ తీర్పు గురించి విని నేను పొంగిపోయాను. ఈ వయసులో సగమే ఒప్పుకుంటున్నాను. ఆక్షేపణ సరైనది. మందు మాత్రం తప్పు. రెండో పక్షాన్ని బోనెక్కించలేదు గనుక మొదటి పక్షాన్ని దించేయమంటే, చైనాలో, మనీలాలో చచ్చినవాళ్లకు ఎవరు సమాధానం చెబుతారు? రెండో పక్షాన్నీ ఎక్కించమని అడగాలి. దానికే శాశ్వతమైన కోర్టు కావలసి వచ్చింది. యుద్ధం అయ్యాక గెలిచినవాడు పెట్టే కోర్టు కాకుండా, యుద్ధానికి ముందే తలుపు తెరిచి ఉన్న కోర్టు. 2002 జూలై 1 నుంచి హేగ్ నగరంలో అది నడుస్తోంది.

ఇప్పుడు మీకు ఇద్దరు మనుషుల కథలు చెప్పాలి.

మొదటి మనిషి మన పొదిలి వైపు ఆమె. ఊరి పేరు, మనిషి పేరు చెప్పను. పొలం గట్టు తగాదాలో భర్తను చంపారు. నేను ఆమె తరఫున ప్రైవేటుగా ప్రాసిక్యూషన్‌కు సాయపడ్డాను. తెల్లవారుజామున మొదటి బస్సు ఎక్కి, చద్ది మూట కట్టుకుని ఒంగోలు వచ్చేది. కోర్టు ఆవరణలో చెట్టు కింద కూర్చునేది. మధ్యాహ్నానికి కేసు పిలిచేవారు, వాయిదా పడేది. ఒకసారి సాక్షి రాలేదు, ఒకసారి ముద్దాయి తరఫు న్యాయవాదికి జ్వరం, ఒకసారి న్యాయమూర్తికి బదిలీ. ఆమెకు చదువు రాదు. ప్రతి వాయిదా తేదీని నా చేత ఒక కాగితం మీద రాయించుకునేది. పాత క్యాలెండరు చించి, వెనక తెల్లగా ఉన్న వైపు రాయించేది. ఎందుకమ్మా, పోయిన తేదీలతో పనేముంది, రాబోయేది ఒక్కటి చాలదా అని ఒకసారి విసుక్కున్నాను. పోయినవే కావాలి లాయరు బాబూ, నేను వచ్చాననడానికి ఇదొక్కటే గుర్తు అంది.

రెండో మనిషి ఆఫ్రికాలోని చాద్ దేశస్థుడు, సులేమాన్ గెంగెంగ్. లెక్కల గుమాస్తా. ఆ దేశాన్ని 1982 నుంచి 1990 దాకా హిసేన్ హబ్రే అనే నియంత ఏలాడు. అమెరికా, ఫ్రాన్స్ అతణ్ణి నెత్తిన పెట్టుకున్నాయి. రహస్య పోలీసులు రాజధానిలో ఒక ఈతకొలను మీద కప్పు వేసి భూగర్భ జైలుగా మార్చారు. తర్వాత ఏర్పడిన విచారణ సంఘం ఆ పాలనలో 40,000 మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. గెంగెంగ్‌ను ఏ నేరమూ లేకుండా పట్టుకుపోయి రెండేళ్లకు పైగా జైళ్లలో కుక్కారు. పక్కన పడుకున్నవాళ్లు తెల్లారేసరికి చచ్చి ఉండేవారు. బతికి బయటపడితే వీళ్లను కోర్టుకు ఈడుస్తానని ఆ గదిలో ఒట్టు పెట్టుకున్నాడు.

1990లో హబ్రే సెనెగల్ పారిపోయాడు. గెంగెంగ్ జైలు నుంచి బయటకు వచ్చి తనకు తెలిసిన పని చేశాడు, లెక్క రాశాడు. తోటి బాధితుల దగ్గరకు వెళ్లి ఒక్కొక్కరి సంగతి రాబట్టుకున్నాడు. ఎప్పుడు పట్టుకెళ్లారు, ఎక్కడ ఉంచారు, ఏం చేశారు. అలా 792 మందివి పోగేశాడు. పాత పోలీసులే కొత్త ప్రభుత్వంలోనూ ఉద్యోగాల్లో ఉన్నారు, బెదిరించారు. ఆ కాగితాలను ఇంట్లో దాచి ఏళ్ల తరబడి కాపాడాడు. బాధితుల తరఫు న్యాయవాది జాక్లిన్ ముదేనా మీద 2001లో గ్రెనేడ్ విసిరారు. కాలిలో ముక్కలు దిగాయి. ఆమె కేసు వదల్లేదు.

అదే ఏడాది ఇంకొకటి జరిగింది. మానవ హక్కుల పరిశోధకులు పాడుబడిన రహస్య పోలీసు కార్యాలయంలోకి వెళితే, నేల మీద మోకాలెత్తు కాగితాలు పడి ఉన్నాయి. చంపినవాళ్లు రాసుకున్న లెక్కలు. వాటిని విడదీసి చదివితే 12,321 మంది బాధితుల ప్రస్తావన, 1,208 మంది నిర్బంధంలో చనిపోయిన వివరాలు బయటపడ్డాయి. ఇది వింటే నాకు అమెరికా న్యాయవాది బెంజమిన్ ఫెరెంజ్ గుర్తొస్తాడు. 27 ఏళ్ల వయసులో నూరెంబర్గ్‌లో నాజీ హంతక దళాల కేసు నడిపాడు. ఆ దళాలు పై అధికారులకు పంపిన రోజువారీ నివేదికలు బెర్లిన్‌లో దొరికితే, కూడికల యంత్రం పెట్టుకుని చనిపోయినవాళ్లను లెక్కగట్టాడు. పది లక్షలు దాటాక కూడటం ఆపేశాడు. రెండు రోజుల్లో ప్రాసిక్యూషన్ వాదన ముగించాడు, ఒక్క సాక్షినీ పిలవలేదు. హంతకులు కరణం చిట్టాలా రాసుకున్న లెక్కే సాక్ష్యమైంది. తమను ఎప్పటికీ ఎవరూ అడగరన్న ధీమా ఉన్నవాడు లెక్క దాచుకోడు.

సెనెగల్ చాలాకాలం హబ్రేను విచారించలేదు, అప్పగించలేదు. హబ్రేను తమకు అప్పగించమని అడిగిన బెల్జియం, దేశాల మధ్య తగాదాలు తీర్చే అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. విచారించండి, లేదంటే అప్పగించండి, మూడో దారి లేదని 2012లో ఆ కోర్టు చెప్పింది. ఆఫ్రికా దేశాల కూటమి ఒప్పందంతో సెనెగల్‌లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2016 మే 30న హబ్రేకు యావజ్జీవ శిక్ష పడింది. ఆఫ్రికా గడ్డ మీద, ఆఫ్రికా న్యాయమూర్తులు ఇచ్చిన తీర్పు. తెల్లవాళ్ల కోర్టు అనే మాటకు అక్కడ చోటు లేదు. నియంత పారిపోయిన నాటి నుంచి 26 ఏళ్లు పట్టింది. కారంచేడు కేసులో సుప్రీంకోర్టు తుది తీర్పుకు 23 ఏళ్లు పట్టింది. న్యాయం ఆలస్యమైతే అన్యాయమే అంటారు. నేను దాన్ని కాదనను. అయితే ఆ మాటను సాకుగా తీసుకుని కేసు మూసేయమనేవాళ్లు కూడా ఉంటారు. పొదిలి ఆమెనో గెంగెంగ్‌నో అడిగి చూడండి, మూసేయమంటారేమో.

ఇక మన దేశం. రోమ్‌లో మనం తటస్థంగా ఉండటానికి కారణాలు చెప్పాం. భద్రతా మండలికి ఆ కోర్టుపై పెత్తనం ఇచ్చారని, అణ్వాయుధాల వాడకాన్ని నేరాల జాబితాలో చేర్చలేదని, దేశంలోపలి సంఘర్షణలను కూడా కోర్టు పరిధిలోకి తెచ్చారని. మొదటి రెండూ న్యాయమైన అభ్యంతరాలు. ఆ కోర్టులో సభ్యత్వమే తీసుకోని అమెరికా, రష్యా, చైనా భద్రతా మండలిలో కూర్చుని ఇతరులను ఆ కోర్టుకు పంపవచ్చు, తమవాళ్లను వీటోతో కాపాడుకోవచ్చు. ఇది సిగ్గుచేటు. మూడో అభ్యంతరాన్ని మాత్రం ఒప్పుకోలేను. ఇల్లు నాది గనుక లోపల ఏం జరిగినా అడగకూడదంటే మళ్లీ కోళ్ల రైతు దగ్గరకే వచ్చాం. పైగా 2011 ఫిబ్రవరిలో లిబియాను ఆ కోర్టుకు పంపే తీర్మానానికి భద్రతా మండలిలో మన దేశం ఓటు వేసింది. మనం చేరని కోర్టుకు మరో దేశాన్ని పంపాం. సూడాన్‌లోని దార్ఫుర్ ఊచకోతల కేసులో అప్పటి ఆ దేశ అధ్యక్షుడు బషీర్ మీద ఆ కోర్టు వారంటు ఉండగానే 2015లో ఢిల్లీలో అతిథిగా ఆహ్వానించాం. దార్ఫుర్ తల్లులు మన గురించి ఏమనుకున్నారో ఆలోచిస్తే నాకు తల వంగిపోతుంది.

ఇంట్లోనూ ఖాళీ అలాగే ఉంది. 1984 ఢిల్లీ సిక్కుల ఊచకోత కేసులో 2018 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు, మానవాళిపై నేరాలు గాని జాతిహననం గాని మన దేశీయ నేర చట్టంలో లేవని, ఈ లోటును వెంటనే పూడ్చాలని రాసింది. ఆ తర్వాత 2023లో పాత శిక్షాస్మృతిని తీసేసి కొత్త సంహిత తెచ్చుకున్నాం. ఆ రెండు నేరాలూ అందులోకి రాలేదు. చేర్చమని మన ఎంపీలను అడగడానికి హేగ్ దాకా వెళ్లనక్కరలేదు. ఇక్కడి విద్యార్థులు ఒక ముసాయిదా రాసి పట్టుకెళ్లి ఇవ్వవచ్చు. రాస్తే నేను కూర్చుని దిద్దుతాను.

మనకెందుకీ గొడవ అనేవాళ్లు ఒక్కసారి గుర్తు చేసుకోండి. 2014లో ఇరాక్‌లోని మోసుల్‌లో పొట్టకూటికి వెళ్లిన 39 మంది భారతీయ కూలీలను తీవ్రవాదులు చంపేశారు. నాలుగేళ్లు ఇంటివాళ్లకు ఏ సంగతీ తెలియలేదు. సామూహిక గోతిలో దొరికిన ఎముకలకు డీఎన్ఏ పరీక్ష చేశాక 2018లో నిజం తెలిసింది. 2024లో ఉద్యోగమని నమ్మి రష్యా వెళ్లిన హైదరాబాదు యువకుడు ఉక్రెయిన్ యుద్ధంలో చనిపోయాడు. మన జిల్లాలో ఒక్కరైనా గల్ఫ్‌కు వెళ్లని ఊరు ఉందా? యుద్ధం మన ఇంటి అడ్రసు అడిగి రాదు.

మొదటి వరసలో కూర్చున్న అమ్మాయి సభకు ముందు నన్ను ఒక ప్రశ్న అడిగింది. పోలీసులు లేని కోర్టు వారంటు ఇస్తే ఏం లాభం అంకుల్ అని. మంచి ప్రశ్న అమ్మా. 2015లో దక్షిణాఫ్రికాకు వచ్చిన బషీర్‌ను దేశం దాటనివ్వద్దని అక్కడి హైకోర్టు ఆదేశిస్తే, సైనిక విమానాశ్రయం నుంచి జారుకున్నాడు. 2023లో అదే దక్షిణాఫ్రికాలో జరిగిన శిఖరాగ్ర సభకు పుతిన్ వెళ్లలేదు, తెర మీద నుంచి మాట్లాడాడు. 2024లో మంగోలియా వెళ్లాడు, ఆ దేశం పట్టుకోలేదు. కాబట్టి వారంటు దానంతట అది చేతికి బేడీ వేయదు. కానీ బోస్నియా సెర్బుల నాయకుడు కరాజిచ్‌ను చూడు. 1995 జూలైలో స్రెబ్రెనిట్సాలో 8,000 మందికి పైగా మగవాళ్లను, మగపిల్లలను నిలబెట్టి కాల్చారు. యుగోస్లావియా యుద్ధ నేరాల విచారణకు ఐక్యరాజ్య సమితి పెట్టిన ప్రత్యేక కోర్టులో ఆ నెలలోనే అతడి మీద అభియోగ పత్రం వచ్చింది. తెల్ల గడ్డం పెంచి, పేరు మార్చుకుని, ప్రకృతి వైద్యుడినంటూ బెల్‌గ్రేడ్‌లో ఉపన్యాసాలు ఇస్తూ తిరిగాడు. 2008లో దొరికాడు. 2019లో యావజ్జీవం ఖాయమైంది. ఆ కోర్టు 161 మందిపై అభియోగాలు మోపింది, చివరికి ఒక్కడు కూడా పరారీలో మిగల్లేదు. స్రెబ్రెనిట్సా తల్లులు ఆ 13 ఏళ్లూ నెలనెలా బిడ్డల ఫొటోలు పట్టుకుని వీధిలోకి వచ్చారు. వాళ్లు రావడం మానేసి ఉంటే ఆ ఫైలు ఏ బీరువా అడుగునో ఉండేది.

పొదిలి ఆమె కేసు 11 ఏళ్లకు తేలింది. ఇద్దరికి శిక్ష పడింది, ఒకడు అంతకుముందే చనిపోయాడు. తీర్పు రోజు ఆమె ఏడవలేదు. కొంగు ముడి విప్పి ఆ క్యాలెండరు కాగితం నా బల్ల మీద పెట్టింది. రెండు వైపులా నిండిపోయి, మరో కాగితం అతికించి ఉంది. ఇది ఇప్పుడెవరికి ఇవ్వాలి బాబూ అని అడిగింది. ఇంట్లో దాచుకో అమ్మా అన్నాను. మా ఇంట్లో చదివేవాళ్లు లేరు, నీ దగ్గరే ఉంచు అంది. ఇవాళ వెంట తెచ్చాను, ఇదిగో. సభ అయ్యాక చూడదలచుకున్న విద్యార్థులు ముందుకు రండి. మడతల దగ్గర చిరుగుతోంది, రెండు చేతులతో పట్టుకోండి.